ఫెయిరీ టేల్‌కు ఆ పేరు పెట్టిన మదామ్ దోల్‌న్వా: ఆమె జీవితంలో ఏది నిజం, ఏది పుకారు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పదేళ్ళ మీ అమ్మాయికి 'తెల్ల పిల్లి' కథ చెప్పారు. ఇంత మంచి కథ రాసిందెవరో చూద్దామని వెతికితే మదామ్ దోల్‌న్వా అనే ఫ్రెంచి రచయిత్రి పేరు కనిపించింది. ఒకచోట ఆమే మొట్టమొదటి ఫెయిరీ టేల్ రచయిత్రి అని ఉంది. ఇంకోచోట భర్తకు మరణశిక్ష వేయించబోయిన మనిషి అని ఉంది. ఇందులో ఏది నిజం, ఆమె కథలు పిల్లలకు చెప్పవచ్చా అన్నది మీ సందేహం.

నేను ముప్పై ఏళ్ళు ఫ్రెంచి పాఠాలు చెప్పాను. అందులో చాలా కాలం 17వ శతాబ్దపు ఈ ఆడవాళ్ళ కథలు చదవడంలోనే గడిచింది. అందుకని కాస్త పొడవుగానే రాస్తున్నాను. మీరు చదివిన రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే ఆమె గురించి రాసేవాళ్ళు చాలామంది ఆ కోర్టు కేసు దగ్గరే ఆగిపోతారు. ఆ కేసుకు కారణమైన పెళ్ళి గురించి గానీ, ఆ పెళ్ళి గురించే జీవితాంతం ఆమె రాసిన కథల గురించి గానీ పట్టించుకోరు. నాకు బాధ కలిగించేది అదే.

అసలు పేరు మారీ కాత్రీన్ ల జ్యుమెల్ ద బార్నెవిల్. 1650 ప్రాంతంలో ఉత్తర ఫ్రాన్స్‌లోని నార్మండీలో, ఓన్‌ఫ్లూర్ రేవుకు దగ్గర్లో ఉన్న బార్నెవిల్ అనే పల్లెలో పుట్టింది. వాళ్ళది ఆ ఊరి జమీందారు కుటుంబం. 1666 మార్చిలో ఆమెకు పెళ్ళయింది. అప్పటికి పదిహేనో, పదహారో ఏళ్ళు. పెళ్ళికొడుకు ఫ్రాన్స్వా ద లా మోత్ ఆమెకంటే సుమారు ముప్పై ఏళ్ళు పెద్ద. వాందోమ్ ప్రభువు కొలువులో పని చేసి పైకి వచ్చినవాడు. పారిస్‌కు తూర్పున బ్రీ ప్రాంతంలో ఓల్‌న్వా అనే జాగీరు కొనుక్కుని బారన్ అనిపించుకున్నాడు. 'దోల్‌న్వా' అంటే 'ఓల్‌న్వాకు చెందిన' అని అర్థం. అంటే మనం ఈ రోజు ఆమెను పిలిచే పేరు కూడా ఆ భర్త కొనుక్కున్న జాగీరు పేరే.

పెళ్ళయిన మూడేళ్ళలో వరసగా కాన్పులు. పుట్టిన పిల్లల్లో కొందరు పసితనంలోనే పోయారు. భర్త జూదరి అని, ఖర్చు మనిషి అని పేరు. అప్పటి ఫ్రాన్స్‌లో విడాకులు లేవు. ఆ చట్టం వచ్చింది విప్లవం తరువాత, 1792లో. ఆస్తి వేరు చేయమని కోర్టుకు వెళ్ళవచ్చు, విడిగా బతకడానికి అనుమతి అడగవచ్చు. కానీ పెళ్ళి మాత్రం ఇద్దరిలో ఒకరు చనిపోయేదాకా ఉండేది. భార్య నడవడి బాగాలేదని భర్త తలిస్తే రాజు ముద్ర ఉన్న ఒక్క ఉత్తరంతో ఆమెను కాన్వెంట్‌లో పెట్టించగలిగేవాడు. ఇది మనసులో ఉంచుకుని తరువాతి సంగతి చదవండి.

1669లో బారన్ మీద రాజద్రోహం నేరం పడింది. రాజును గురించి, పన్నుల గురించి అనరాని మాటలు అన్నాడని కొందరు ఫిర్యాదు చేశారు. ఆ రోజుల్లో ఇది రుజువైతే తల పోయేది. ఆయన్ను బాస్తీయ్ కోటలో ఖైదు చేశారు. విచారణ సాగేకొద్దీ ఫిర్యాదు చేసినవాళ్ళ మాటలు పొంతన లేకుండా పోయాయి. ఇది కావాలని అల్లిన అబద్ధం అని తేలింది. బారన్ బయటపడ్డాడు. అబద్ధపు సాక్ష్యం చెప్పిన ఇద్దరికి మరణశిక్ష అమలైంది. ఆ ఇద్దరూ మారీ కాత్రీన్‌కూ ఆమె తల్లికీ సన్నిహితులు. కుట్ర వెనుక తల్లీకూతుళ్ళు ఉన్నారన్న అనుమానం అప్పుడే వచ్చింది. చరిత్రకారుల్లో ఎక్కువమంది ఇప్పటికీ అదే అనుకుంటున్నారు.

నా అభిప్రాయం అడిగితే, తల్లికి ఇందులో పెద్ద చెయ్యి ఉంది, కూతురికి సంగతి తెలుసు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ అమ్మాయి ఇదంతా ఒంటరిగా నడిపించిందంటే నమ్మడం కష్టం. అలాగని ఆమెను పూర్తిగా అమాయకురాల్ని చేయడం కూడా సరి కాదు. ఆ పథకం ఫలిస్తే ఒక మనిషి తల తెగేది. ఫలించకపోవడం వల్ల ఇద్దరు చచ్చిపోయారు. ఆమె రచనలను ఎంత ఇష్టపడినా ఈ సంగతిని తేలిక చేసి చెప్పలేను.

ఆమెను పట్టుకోవడానికి మనుషులు వస్తే కిటికీలోంచి దూకి చర్చిలో దాక్కుందని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. మీరు కూడా చదివే ఉంటారు. ఆ దృశ్యం అచ్చం ఆమె రాసిన నవలల్లో దృశ్యంలాగా ఉంటుంది. అందుకే నేను దాన్ని పక్కన పెడతాను. రచయిత్రుల జీవితాలను ఇలా నవలగా మార్చేయడం ఆ కాలంలో మామూలే, ఇప్పుడూ మామూలే.

ఆ తరువాత ఇరవై ఏళ్ళు ఆమె పేరు పెద్దగా వినిపించదు. పదిహేనేళ్ళు దేశం విడిచి వెళ్ళిపోయిందని పాత పుస్తకాలు రాశాయి. కానీ 1670ల నడుమ ఆమెకు ఇంకా కూతుళ్ళు పుట్టారు, కాబట్టి ఆ లెక్క అంత నేరుగా కుదరదు. స్పెయిన్ వెళ్ళిందా లేదా అన్నది ఇంకో పెద్ద గొడవ. స్పెయిన్ ప్రయాణం మీద 1691లో ఆమె ఉత్తరాల రూపంలో పుస్తకం వేసింది. దారిలో సత్రాలు, వంటలు, ఆడవాళ్ళ బట్టలు, అంతఃపుర మర్యాదలు, అన్నీ కళ్ళకు కట్టినట్టు ఉంటాయి. ఆమె బతికి ఉన్న రోజుల్లో కథల కంటే ఆ పుస్తకానికే ఎక్కువ పేరు వచ్చింది, వెంటనే ఇంగ్లీషులోకి కూడా వెళ్ళింది. తరువాత పండితులు పోల్చి చూస్తే చాలా భాగాలు అంతకుముందే అచ్చయిన వేరేవాళ్ళ పుస్తకాల నుంచి తీసుకున్నట్టు కనిపించింది. ఆమె అసలు వెళ్ళనే లేదని కొందరు గట్టిగా వాదించారు. ఏమైనా, చదివిన దాన్ని చూసినట్టు చెప్పే నేర్పు ఆమెకు ఉందని ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది. కథలు చెప్పేవాళ్ళకు కావలసిన మొదటి నేర్పు కూడా అదే.

1690 నాటికి ఆమె పారిస్‌లో, సాన్ జెర్మాన్ పేటలోని సాన్ బెన్వా వీధిలో స్థిరపడింది. తన ఇంట్లో సలోన్ నడిపింది. సలోన్ అంటే ఇంటి పెద్ద గదిలో వారంవారం జరిగే కూడిక అనుకోండి. ఆడవాళ్ళు ఇంటి యజమానురాలి హోదాలో కూర్చుని కవులను, ఆఫీసర్లను, పండితులను పిలిచి కబుర్లు, కవిత్వం, వాదాలు నడిపేవారు. ఆడవాళ్ళకు కాలేజీలు లేని కాలంలో వాళ్ళ చదువు చాలావరకు అక్కడే జరిగింది. ఆ గదుల్లోనే ఒక ఆట మొదలైంది. దాదులు, పల్లెటూరి అవ్వలు చెప్పే కథను తీసుకుని, అప్పటికప్పుడు కల్పించినట్టుగా, కానీ నగిషీ పెట్టి చెప్పాలి. ఆ ఆట ఎంత ముందు నుంచి ఉందంటే, 1677 ఆగస్టులో ఉత్తరాలకు పేరుపడిన మదామ్ ద సెవిన్యే తన కూతురికి రాసిన ఉత్తరంలో వెర్సాయ్ అంతఃపురంలో ఆడవాళ్ళకు ఇలాంటి కథలు చెబుతున్నారని రాసింది.

1690లో మారీ కాత్రీన్ ఆ ఆటను అచ్చులోకి తెచ్చింది. 'ఇపోలిత్, కోంత్ ద ద్యుగ్లాస్' అని ఒక ప్రేమ నవల వేసింది. అందులో కథానాయకుడు ప్రియురాలిని చూడాలని, చిత్రకారుడి సహాయకుడి వేషంలో కాన్వెంట్‌లోకి వెళ్తాడు. అక్కడి పెద్ద సన్యాసిని బొమ్మ వేయించుకుంటూ విసుగు పోవడానికి ఏదైనా చెప్పమంటే, ఒక కథ చెబుతాడు. ఆ కథ పేరు 'ఆనంద ద్వీపం'. రష్యా రాజు అడోల్ఫ్ చలిగాలి నుంచి తల దాచుకోవడానికి ఒక గుహలోకి వెళ్తే, అది గాలుల ఇల్లు. పిల్లగాలి అతన్ని ఆనందం అనే రాకుమారి ఉన్న దీవికి మోసుకుపోతుంది. అక్కడ మూడు నెలలు గడిచాయనుకుంటాడు, గడిచింది మూడు వందల ఏళ్ళు. తన ఊరు చూసి వస్తానని బయలుదేరుతాడు. గుర్రం దిగవద్దని రాకుమారి చెప్పి పంపుతుంది. దారిలో ఒక ముసలివాడి బండి బోల్తాపడి ఉంటుంది, దాని నిండా అరిగిపోయిన రెక్కలు. సాయం చేయమని అరుస్తాడు. జాలిపడి రాజు గుర్రం దిగుతాడు. ఆ ముసలివాడు కాలం. 'నిన్ను వెతకడానికే ఇన్ని రెక్కలు అరగదీశాను' అని చెప్పి రాజు ఊపిరి ఆపేస్తాడు.

ఫ్రెంచిలో అచ్చయిన మొదటి సాహిత్య ఫెయిరీ టేల్‌గా సాధారణంగా చెప్పేది దీన్నే. దయచేసి ఒకటి గమనించండి. అది సుఖాంతం కాదు.

'మొదటి' అన్న మాట మీద ఇంకో రెండు ముక్కలు. ఇటలీలో స్త్రాపరోలా 1550లలో, నేపుల్స్‌లో బసీలే 1630లలో ఇలాంటి కథల సంపుటాలు వేశారు. వాటి నుంచి ఫ్రెంచివాళ్ళు చాలా తీసుకున్నారు. కాబట్టి ప్రపంచంలోనే మొదటిది అనకూడదు. కానీ సిండరెల్లా, ఎర్ర టోపీ పాప అనగానే మనకు గుర్తొచ్చే షార్ల్ పెరో వచన కథల పుస్తకం వచ్చింది 1697లో. గ్రిమ్ సోదరుల మొదటి సంపుటం 1812లో. ఈమె 'ఆనంద ద్వీపం' పెరో పుస్తకం కంటే ఏడేళ్ళు ముందు, గ్రిమ్ కంటే నూట ఇరవై రెండేళ్ళు ముందు వచ్చింది.

పేరు సంగతి ఇంకా స్పష్టం. 1697లో ఆమె తన కథల సంపుటాలు మొదలుపెట్టి వాటికి 'లే కోంత్ దే ఫే' అని పేరు పెట్టింది. 'ఫే' అంటే ఫెయిరీ, కాబట్టి ఫేల కథలు అని అర్థం. 1698లో 'లే ఫే ఆ లా మోద్' అని రెండో వరస వచ్చింది. రెండూ కలిపి, ఆనంద ద్వీపంతో సహా, ఇరవై అయిదు కథలు. 1699లోనే ఇంగ్లీషులోకి వెళ్ళాయి. ఇంగ్లీషువాళ్ళు ఫెయిరీ టేల్ అంటున్నది ఆ ఫ్రెంచి పేరునే. పెరో తన పుస్తకానికి 'గడిచిన కాలపు కథలు' అని పేరు పెట్టాడు. గ్రిమ్ సోదరులు 'పిల్లల, ఇంటి కథలు' అన్నారు. మనం ఇప్పుడు వాళ్ళందరి కథలనూ పిలిచే పేరు ఈమె పుస్తకం అట్ట మీదిది.

తెలుగులో మనం ఫెయిరీని దేవకన్య అని రాసేస్తాం. అది చదివితే రెక్కలు, మంత్రదండం ఉన్న అందమైన పిల్ల గుర్తొస్తుంది. దోల్‌న్వా కథల్లో ఫేలు అలా ఉండరు. పెద్ద వయసు, అధికారం, ఆస్తులు, తోటలు, డ్రాగన్లు లాగే రథాలు, ఒకరితో ఒకరికి పాత పగలు. రాజులు వాళ్ళ ముందు చేతులు కట్టుకుంటారు. కొందరు మేలు చేస్తారు, కొందరు పగబడితే తరాలపాటు వదలరు. సలోన్ నడిపే పారిస్ ప్రభువుల ఆడవాళ్ళ పోలికలు వాళ్ళలో ఉన్నాయి. ఆమె స్నేహితులు ఒకరినొకరు సరదాగా ఫేలు అనే పిలుచుకునేవారు. మదామ్ ద మ్యురా 1699లో తన పుస్తకాన్ని 'ఆధునిక ఫేలకు' అంకితం ఇస్తూ, పాతకాలపు ఫేలకు ఇల్లు ఊడ్చడం, పిల్లలను ఊయల ఊపడం తప్ప పని లేదనీ, మీరు చేసేవి పెద్ద పనులనీ రాసింది.

ఆ కాలంలో ఈమె ఒంటరి కాదు. 1690 నుంచి పాతికేళ్ళలో ఫ్రెంచిలో వచ్చిన ఇలాంటి కథల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఆడవాళ్ళు రాసినవే. కాత్రీన్ బెర్నార్, లెరిత్యే, మ్యురా, లా ఫోర్స్. మనకు రపుంజెల్‌గా తెలిసిన కథకు మూలం లా ఫోర్స్ 1698లో వేసిన 'పెర్సినెత్'. ఆమెను అంతకు ఏడాది ముందే రాజు ఒక కాన్వెంట్‌లో పెట్టించాడు. టవర్‌లో బందీ అయిన పిల్ల కథ వచ్చింది ఆ రోజుల్లో. మ్యురాను 1702లో లోష్ కోటకు బందీగా పంపారు. బయటకు దారి లేని ఇళ్ళు, తాళం వేసిన తలుపులు ఈ కథల్లో అన్నిసార్లు ఎందుకు వస్తాయో ఇది తెలిస్తే అర్థమవుతుంది.

ఇక మీ అమ్మాయికి నచ్చిన 'తెల్ల పిల్లి'. ఇరవై అయిదు కథల్లో నాకూ అదే ఎక్కువ ఇష్టం. పిల్లల పుస్తకాల్లో వచ్చే కుదింపులో సగం కథ పోతుంది. పోయే సగమే అసలైనది.

ముసలి రాజుకు సింహాసనం వదలాలని లేదు. ముగ్గురు కొడుకులను మాటలతో తిప్పుతూ ఏడాదికో పని చెబుతాడు. అతి చిన్న కుక్కపిల్లను తెండి. తరువాత ఏడాది, సూది బెజ్జంలోంచి దూరే బట్ట తెండి. ఆ తరువాత, అందరికంటే అందమైన అమ్మాయిని తెండి. చిన్నవాడు వానలో దారి తప్పి ఒక కోటకు చేరతాడు. అక్కడ దివిటీలు పట్టుకుని నడిపించేవి చేతులు, మనుషులు కనిపించరు. కోట రాణి నల్ల ముసుగు వేసుకున్న చిన్న తెల్ల పిల్లి. ఆమె మణికట్టుకు ఒక యువకుడి బొమ్మ కట్టి ఉంటుంది, అతను అచ్చం ఈ రాకుమారుడిలాగే ఉంటాడు.

కుక్కపిల్లను ఓక్ కాయలో పెట్టి ఇస్తుంది. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల మొరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది. బట్టను వాల్‌నట్ కాయలో పెట్టి ఇస్తుంది. నిండు సభలో పగలగొడితే లోపల ఇంకో చిన్న కాయ, అందులో చెర్రీ పిక్క, పిక్కలో పప్పు, పప్పులో గోధుమ గింజ, అందులో జొన్న గింజ కంటే చిన్న ధాన్యపు గింజ. అందరూ నవ్వుతుంటే, పిల్లి నన్ను మోసం చేసిందా అని రాకుమారుడు గొణుగుతాడు. వెంటనే కనిపించని గోరు ఒకటి చేతిని గీరుతుంది. ఆ గింజ పగిలితే నాలుగు వందల మూరల బట్ట బయటకు వస్తుంది. దాని మీద పక్షులు, జంతువులు, చేపలు, చెట్లు. ఆ బట్టంతా సూది బెజ్జంలో ఆరుసార్లు దూరుతుంది. ఇంత ముచ్చటగా వస్తువులను ఊహించిన రచయితలు తక్కువ. (మూర అన్నది దగ్గరి మాట మాత్రమే, ఫ్రెంచి 'ఓన్' కొలత అంతకన్నా పెద్దది.)

మూడో ఏడు చివర తన తల, తోక నరికి నిప్పులో వేయమని పిల్లి అడుగుతుంది. అతను ఏడుస్తూ చేస్తాడు. పిల్లి స్త్రీ అవుతుంది. అప్పుడు తన కథ తన నోటితోనే చెబుతుంది. పిల్లల కుదింపుల్లో ఎగిరిపోయేది ఈ భాగమే. ఆమె తల్లి ఒక రాణి. ఫేల తోటలో పండ్లు చూసి, వాటి కోసం ప్రాణం పోయేంత ఆశపడి, కడుపులో బిడ్డను వాళ్ళకు ఇచ్చేస్తానని మాట ఇచ్చింది. ఫేలు ఆ పిల్లను తలుపు లేని టవర్‌లో పెంచారు. కిటికీలోంచి చూసిన ఒక యువకుణ్ణి ఆమె ప్రేమించింది. ఫేలు మాత్రం మరుగుజ్జు రాజు మిగోనే కోసం ఆమెను దాచి ఉంచారు. ఆమె కాదంది. ప్రేమించినవాణ్ణి డ్రాగన్ మింగేసింది, ఆమె పిల్లి అయింది.

దీన్ని చదివి, ఇది రచయిత్రి స్వంత కథే అనేస్తారు కొందరు. పండ్ల కోసం బిడ్డను ఇచ్చేసే తల్లి మూలాంశం ఆమె కంటే ముందు బసీలే పుస్తకంలోనే ఉంది. కాబట్టి నేను అంత దూరం వెళ్ళను. కానీ ఎన్నో పాత కథల్లోంచి ఏరుకునేటప్పుడు మళ్ళీ మళ్ళీ ఇదే ఎందుకు ఏరుకుందో చూడండి. పెద్దవాళ్ళు మాట ఇచ్చేస్తారు, తీర్చవలసింది ఆడపిల్ల. 'పసుపు మరుగుజ్జు'లో, 'పంది రాకుమారుడు'లో అదే. పెళ్ళికొడుకు మరుగుజ్జు, పంది. 'పచ్చ పాము'లో పాము. పదిహేను, పదహారేళ్ళకే సుమారు నలభై అయిదేళ్ళ మనిషికి ఇచ్చి పెళ్ళి చేసిన సంగతి తెలిశాక, ఆ జంతువులను మనం ఇంతకు ముందులాగా చదవలేం.

అయినా ఆమె రాసింది పగ కాదు. 'పచ్చ పాము' కథలో పుట్టినప్పుడే ఒక ఫే శాపంతో అందవిహీనమైన రాకుమారి ఆ పామును నెమ్మదిగా అర్థం చేసుకుంటుంది. 'బెల్ బెల్' అనే పిల్ల ముసలి తండ్రి బదులు మగవేషం వేసుకుని యుద్ధానికి వెళ్తుంది. 'ఫినెత్ సాంద్రోన్' సిండరెల్లా కథే. ఇందులో పిల్ల రాక్షసుణ్ణి పొయ్యిలో తోసేస్తుంది, పోయిన చెప్పు ముత్యాలు కుట్టిన ఎర్ర మఖ్మల్‌ది. రాకుమారుడు పెళ్ళి చేసుకుంటానంటే, ముందు మా అమ్మానాన్నల రాజ్యం తిరిగి ఇవ్వండి అని షరతు పెడుతుంది. అది ఇచ్చాకే ఒప్పుకుంటుంది. పెరో సిండరెల్లా ఏమీ అడగదు. ఈ ఒక్క తేడా చాలు ఇద్దరి కథల దారి వేరని చెప్పడానికి.

కొన్ని కథలు విషాదంగా ముగుస్తాయి. 'పసుపు మరుగుజ్జు'లో ప్రేమికులిద్దరూ చచ్చిపోయి కొమ్మలు అల్లుకున్న రెండు ఖర్జూర చెట్లవుతారు. 'పొట్టేలు' కథలో రాకుమారి ఆలస్యంగా వచ్చేసరికి, పొట్టేలు రూపంలో ఉన్న రాజు రాజభవనం ద్వారం ముందే ప్రాణం వదిలేస్తాడు.

ఆమె చివరి రోజుల గురించి త్వరగా చెబుతాను. ఇటలీలోని పడువా నగరంలో రికోవ్రాతి అకాడమీ ఆమెను సభ్యురాలిగా చేర్చుకుని, చరిత్ర దేవత క్లియో పేరుతో గౌరవించింది. పారిస్‌లోని ఫ్రెంచి అకాడమీ తొలి మహిళను ఎన్నుకున్నది 1980లో అని గుర్తు చేసుకుంటే ఆ గౌరవం విలువ తెలుస్తుంది. 1699లో ఆమె స్నేహితురాలు అంజెలిక్ తికేకు మరణశిక్ష పడింది. పారిస్ న్యాయస్థానంలో సభ్యుడైన భర్తను సేవకులతో కాల్పించబోయిందన్నది నేరం. ఆయన బతికాడు, ఆమె తల గ్రేవ్ కూడలిలో తెగింది. ఈ కేసులో కూడా దోల్‌న్వా చెయ్యి ఉందని అక్కడక్కడా రాస్తారు, దానికి ఆధారం చూపించరు. పాత మచ్చ ఉన్న మనిషి మీద కొత్త మచ్చ వేయడం తేలిక. బారన్ 1700లో పోయాడు. ఆమె 1705 జనవరిలో సాన్ బెన్వా వీధి ఇంట్లో చనిపోయింది.

తరువాతి వందేళ్ళూ ఆమె కథలు యూరప్ అంతా తిరిగాయి. ఇంగ్లండ్‌లో 'మదర్ బంచ్' అనే ముసలమ్మ పేరు తగిలించి అమ్మారు. మన పేదరాశి పెద్దమ్మలాంటి పేరు అనుకోండి. వినడానికి ఆప్యాయంగా ఉంటుంది, కానీ దానివల్ల పారిస్‌లో కూర్చుని రాసిన రచయిత్రి మాయమై, ఊరూ పేరూ లేని అవ్వ మిగిలింది. గ్రిమ్ సోదరుల తరువాత ఫెయిరీ టేల్ అంటే పొట్టిగా, పల్లె మాటలో, పిల్లల కోసం ఉండాలన్న అభిప్రాయం బలపడింది. ఈమె కథలేమో పొడవు, పెద్దల కోసం రాసినవి, నగలూ విందులూ నిండినవి. అందుకని పక్కకు పోయాయి. అయినా పూర్తిగా పోలేదు. 1890లో చైకోవ్‌స్కీ 'స్లీపింగ్ బ్యూటీ' బాలే చివరి అంకంలో నీలి పక్షి, ఫ్లోరీన్, తెల్ల పిల్లి వచ్చి నాట్యం చేస్తారు. వాళ్ళు పెరో కథలో వాళ్ళు కారు, ఈమె కథల్లోవాళ్ళు. ఫ్రెంచి స్వరకర్త రవెల్ పియానో సంగీతంలో వచ్చే పగోడాల రాణి కూడా 'పచ్చ పాము'లోనిదే.

మీ చివరి ప్రశ్నకు వస్తాను. పిల్లకు తప్పకుండా చెప్పండి. 'పంది రాకుమారుడు' మాత్రం ఇప్పుడు వద్దు, అందులో ఆత్మహత్య, హత్య ఉన్నాయి. 'పసుపు మరుగుజ్జు' ఇంకో రెండేళ్ళు ఆగండి. 'తెల్ల పిల్లి'లో తల నరికే చోట పిల్లలు భయపడతారని టెన్షన్ పడి కొందరు ముద్దుతో మార్చేస్తారు. నేను మార్చలేదు. మా ఇంట్లో పిల్లలకు చెప్పినప్పుడు ఒక్క క్షణం ఆగి, రాకుమారుడు ఎంతగా ఏడ్చాడో చెప్పి, ముందుకు వెళ్ళాను. వాళ్ళు నిద్ర మానుకోలేదు, ఆ తరువాత ఏమైంది అని అడిగారు. రచయిత్రి జీవితంలో ఆ కేసు సంగతి పదేళ్ళ పిల్లకు అవసరం లేదు. పదిహేనేళ్ళు వచ్చాక తనే అడుగుతుంది. అప్పుడు పెళ్ళి నుంచి మొదలుపెట్టి చెప్పండి, కేసు నుంచి కాదు.

కథ చివర మాత్రం కుదించకండి. చిన్న రాకుమారుడు ఆమెను సభకు తీసుకువస్తాడు. ముసలి రాజు కంగారు పడతాడు, ఇక కిరీటం ఇవ్వక తప్పదని. అప్పుడు ఆమె అంటుంది: మీ సింహాసనం మీరే ఉంచుకోండి, నాకు ఆరు రాజ్యాలు ఉన్నాయి, మీకు ఒకటి, మీ పెద్ద కొడుకులకు చెరొకటి ఇస్తాను. ఇక్కడ ఆగి, ఆమె దగ్గర ఇంకెన్ని మిగిలాయో మీ అమ్మాయినే లెక్క చెప్పమనండి. తరువాతి వారం 'నీలి పక్షి' మొదలుపెట్టండి. ఏడేళ్ళు పక్షిగా ఉండవలసిన రాజు రోజూ రాత్రి టవర్ కిటికీకి వచ్చి వాలే కథ అది. రెండు మూడు రాత్రులుగా విడదీసి చెబితే బాగుంటుంది, సవతి తల్లి సైప్రస్ చెట్టు కొమ్మలకు కత్తులు కట్టించే చోట మొదటి రాత్రి ఆపండి.